ముతక గింజకు ‘శ్రీ’ తగిలించారు, మన కంచం మాటేమిటి?

జొన్న, సజ్జ, రాగి, కొర్ర మన కంచంలో ఉన్నన్నాళ్లూ సర్కారు కాగితాల్లో వాటి పేరు ముతక ధాన్యం. 2018లో వాటినే పోషక ధాన్యాలన్నారు. 2023 బడ్జెట్టులో ‘శ్రీ అన్న’ అన్నారు. గటక తాగేవాళ్లను చూసి మూతి తిప్పుకున్న ఇళ్లలోనే ఇవాళ కొర్రన్నం గొప్ప తిండి అయింది. గింజ అదే. తినేవాడు మారేసరికి పేరు ముందు ‘శ్రీ’ వచ్చి చేరింది.

అంతవరకైతే నవ్వి ఊరుకుందుము. ఇప్పుడు అవే నోళ్లు మనకు సుద్దులు చెబుతున్నాయి. “రేషను బియ్యం తిని షుగరు తెచ్చుకుంటున్నారు, మీ తాతల తిండి మీరు తినండి” అంటున్నాయి. ఈ మాటలో నిజమెంతో, దగా ఎంతో మనం విడదీసి చూసుకోవాలి.

ముందు నిజం సంగతి. మరలో బియ్యాన్ని తెల్లగా తోమితే పోయేది తవుడు, మొలక. పీచు, బి విటమిన్లు, ఇనుము ఎక్కువగా ఉండేది వాటిలోనే. మిగిలేది దాదాపు వట్టి పిండిపదార్థం. మైదాదీ ఇదే కథ. గోధుమ పొట్టు, మొలక తీసేశాక మిగిలిన పిండితోనే పరోటా, బన్ను, బిస్కెట్టు తయారవుతున్నాయి. ఇలాంటి తిండి తొందరగా అరిగి, రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్న, సజ్జ, రాగుల్లో 10 గ్రాముల పైనే ఉంటుంది. రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటే తెల్ల బియ్యంలో 10 కూడా దాటదు.

ఈ సంగతి కొత్తగా తెలిసింది కాదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్లకు పాలిషు బియ్యం పెడితే వాటి కాళ్లు చచ్చుబడ్డాయి. పైపొర ఉన్న బియ్యం పెడితే లేచి తిరిగాయి. మనుషులకు వచ్చే బెరిబెరి జబ్బు గుట్టు అలా బయటపడింది. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. మన కోస్తా జిల్లాల్లో కూడా పచ్చి బియ్యం మరపట్టించుకొని తిన్నచోట ఒకప్పుడు బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినే అరవ జిల్లాల్లో అది అంతగా లేదు. వడ్లు ఉడికించినప్పుడు పైపొరలోని బి1 విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి.

కనుక ముడి గింజ మేలన్నది నిజమే. దాన్ని కాదనే పని మనకు లేదు.

ఇక దగా సంగతి. మనోళ్లు తెల్లన్నానికి ఎందుకు ఆశపడ్డారు? వరి పండించింది మన చేతులే. నాట్లు, కలుపు, కోత, నూర్పిడి అన్నీ మనవే. కూలికి కొలిచింది మాత్రం జొన్నలో, నూకలో. వరిబువ్వ పండుగనాటి మాట. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు గూడేల్లో పొయ్యి మీదికి ఆకలి తీర్చే తిండితో పాటు ఆత్మగౌరవం కూడా ఎక్కింది. ఆ బియ్యాన్ని ఎవరు వెక్కిరించినా మనం ఒప్పుకోం. 2025 ఉగాదికి తెలంగాణ రేషనులో సన్నబియ్యం మొదలుపెట్టినప్పుడు జనం సంతోషించింది కూడా అందుకే. అయితే దొడ్డువైనా సన్నవైనా, మర తీసేసే తవుడు ఒకటే. ఇది మనం మరువరాదు.

“మీ తాతల తిండి” అనేవాళ్లు ఇంకో సంగతి దాస్తున్నారు. తాతలు ఆ తిండితో రాళ్లు పిండి చేశారని చెప్పడం తేలిక. హైదరాబాదు పోషకాహార సంస్థలో గోపాలన్, తోటి శాస్త్రజ్ఞులు 1960లలో ఈ దక్కను నేల మీదే పెల్లాగ్రా జబ్బును పరిశీలించారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. అది వచ్చింది జొన్న తప్ప పప్పు, పాలు, మాంసం సరిగా దొరకని కూలి జనానికి. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. ఒట్టి గింజతోనే కడుపు నింపుకోవాల్సి రావడం చెడ్డది. ఒట్టి జొన్న గటక పేదరికమే, ఒట్టి తెల్లన్నం, పచ్చిమెతుకు కారం కూడా పేదరికమే.

దంపుడు బియ్యం గొప్పతనం చెప్పేవాళ్లు రోకలి ఎవరి చేతిలో ఉండేదో చెప్పరు. మర వచ్చి ఆడవాళ్ల రెక్కలకు కాస్త ఊరట దొరికింది. ఆ చాకిరీకి తిరిగి పోనవసరం లేదు. తక్కువ పాలిషు పట్టే చిన్న మర ఊళ్లో ఉంటే చాలు.

దుకాణం దగ్గర కూడా కళ్లు తెరిచి ఉండాలి. కొర్ర, సామ బియ్యాన్ని కూడా తెల్లగా పాలిషు పట్టి పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. పేరు చిరుధాన్యం, పోయిన పీచు పోయినట్టే. ధర చూస్తే కూలి మనిషికి అందేది కాదు.

మరి దారి ఏది? జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990లలోనే ఒక దారి చూపారు. పడావు పడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చారు. పండిన జొన్నను ఊళ్లోనే నిల్వ చేశారు. ఎవరు నిరుపేదలో తామే తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. అక్కడ గింజ మీద పెత్తనం పండించిన వాళ్లదే.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం 3 రూపాయలకు, గోధుమ 2 రూపాయలకు, ముతక ధాన్యం 1 రూపాయికి ఇవ్వాలని రాశారు. 2023 జనవరి నుంచి ఆ ధర కూడా తీసేశారు. అంటే జొన్న, సజ్జ, రాగి రేషను దుకాణంలో ఇవ్వడానికి చట్టం అడ్డం లేదు.

కాబట్టి సంఘాలు గ్రామసభల్లో ఈ మాటలు రాయించాలి. బియ్యం ఆపకుండా, కావాలన్న ఇంటికి అందులో కొంత బదులు జొన్నో రాగో ఇవ్వాలి. దాంతోపాటు పప్పు, నూనె ఇవ్వాలి. మన పిల్లలుండే హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో గుడ్డు, పప్పు, ఆకుకూరలతో పాటు ముడి గింజ వండాలి. చెలక ఉన్న దళిత రైతు పండించిన జొన్నను ఊళ్లోనే మద్దతు ధరకు కొనాలి. ఊరికో చిన్న మర పెట్టాలి.

ఏం తినాలో మనకు ఇన్నాళ్లూ దొర చెప్పాడు, తర్వాత డిపో డీలరు చెప్పాడు, ఇప్పుడు టీవీ చెబుతోంది. మన కంచంలో ఏముండాలో ఇక మనమే చెప్పాలి.