వాపసు తీసుకోబడదు

బట్టల కొట్లో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూసి ఎవరూ నొచ్చుకోరు. కుక్కపిల్లను అమ్మినాయన ఫోన్‌లో అదే మాటంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పిల్ల ఇంటికొచ్చి వారం కాలేదు. తిండి మానేసింది, వాంతులు, నెత్తుటి విరేచనాలు. డాక్టరు పార్వో అన్నారు. “మా దగ్గర బాగానే ఉందండీ, మీ ఇంటి నీళ్లు పడలేదేమో” అంటాడు అమ్మినాయన.

నీళ్ల మీద నేరం మోపడం తేలికే. కానీ పార్వో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. తెచ్చిన మర్నాడే పిల్ల పడకేసిందంటే, జబ్బు దాంతోపాటే గడప దాటి వచ్చినట్టు. “పోనీలెండి, ఇంకో పిల్లనిస్తాం” అనడం కొందరు చూపించే ఉదారం. పిల్లలు పేరు పెట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్న ప్రాణికి బదులు ఇంకొకటి తెచ్చుకోవడం ఎలాగన్నది ఒక బాధ. ఈ వైరస్ నేలమీద నెలల తరబడి బతికే ఉంటుంది గనుక, టీకాలు పూర్తికాని రెండో పిల్లను అదే ఇంటికి తేవడం దాన్నీ ప్రమాదంలోకి నెట్టడమే.

చట్టం లేదనడానికి లేదు. కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేయించాలి, మైక్రోచిప్ ఉండాలి. తల్లి కుక్క జీవితంలో అయిదు కాన్పులకు మించకూడదు. అయినా నెల దాటీ దాటగానే పిల్లను తల్లి నుంచి విడదీసి అమ్మేవారున్నారు. చిన్నపిల్ల ముద్దొస్తుంది, త్వరగా అమ్ముడుపోతుంది, మేపే ఖర్చూ మిగులుతుంది.

వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల దగ్గర లెక్క ఇంత సూటిగా తేలదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగా కుదరని లోపం తల్లిదండ్రుల నుంచి రావచ్చు. ఆ రెంటికీ ఎక్స్‌రే తీయించకుండా జతకట్టించినవారిది తప్పే. అయితే బొద్దుగా ఉంటేనే అందమని అతిగా మేపి, నున్నటి టైల్స్ మీద పరుగులు పెట్టించే మనమూ ఆ లోపాన్ని ముదరబెడతాం. ఇక కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ చేతికొచ్చింది కదా అని ధీమా పడేవారికి ఒక్క మాట: అది వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని కాదు.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లను కొన్న 14 పనిదినాల్లో జబ్బు ఉందని పశువైద్యుడు ధ్రువీకరిస్తే, పుట్టుకతో వచ్చిన లోపానికైతే 180 రోజుల్లోగా, కొన్నవారికి మూడు దారులుంటాయి: డబ్బు వాపసు, మరో పిల్ల, లేదా దాన్నే ఉంచుకుని కొన్న ధర మేరకు వైద్యం ఖర్చు. ఆ మూడో దారే మనసున్న చట్టం. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లను దళారులు అమ్మకూడదు, పెంపకందారు తల్లి పక్కనే చూపించి అమ్మాలి.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఇంతింత చదువుకుని మనం వాట్సాప్‌లో ఫొటో చూసి, బస్టాండు దగ్గర బుట్టలో అందుకుని డబ్బు పంపేస్తున్నాం. రసీదు అడగం, టీకాల కార్డు మీద డాక్టరు సంతకం ఉందో లేదో చూడం. వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే మొదట అడిగేది ఆ కాగితాలనే. రెండు తెలుగు రాష్ట్రాల జంతు సంక్షేమ మండళ్లు నమోదైన పెంపకందారుల జాబితాను తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి. అంతవరకూ, తల్లిని చూపించనివారి దగ్గర పిల్లను కొనకండి.