కొండ దిగిన తరువాత

రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, తిరిగి నిద్రపట్టక, చీకట్లోకి చూస్తూ పడుకున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కుమారుడి ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియదు. ఆస్పత్రి నుంచి రావలసిన రిపోర్టు ఇంకా చేతికి రాలేదు. వాన పడుతుందా, పడినా పంటకు ధర పలుకుతుందా అన్నది ఎవరూ చెప్పలేరు. పరదేశంలో ఉన్న కుమార్తె వీసా గడువు దగ్గర పడుతోంది. పగలంతా పనుల చాటున అణగి ఉన్న ఈ చింతలన్నీ రాత్రి కాగానే ఒక్కొక్కటిగా లేచి వచ్చి మంచం చుట్టూ చేరతాయి. అటువంటి వేళ క్రైస్తవ విశ్వాసి మోకాళ్లూనుతాడు. మోకాళ్లూనలేని వృద్ధులు పడక మీదనే పెదవులు కదుపుతారు. సరే, తెల్లవారాక ఏమవుతుంది? ప్రార్థించినవాడికి నిజంగా లభించేదేమిటి?

ఈ ప్రశ్నకు మనం మరీ తొందరపడి జవాబు చెబుతున్నామని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఏ పట్టణానికి వెళ్లినా గోడల మీద ప్రార్థనా కూటాల ప్రకటనలు కనిపిస్తాయి. రోగ విముక్తి, రుణ విముక్తి, సంతానం, ఉద్యోగం, విదేశీయానం... ధరల పట్టిక ఒక్కటే తక్కువ! దేవుడు మేలు చేయలేడని నేననను. చేశాడని సాక్ష్యమిచ్చేవారు మన మధ్యనే ఉన్నారు. వారి కన్నీళ్లను శంకించే అధికారం నాకు లేదు. నా బాధ మరొకరి గురించి. భర్త బ్రతకాలని నలభై దినాలు ఉపవాసముండి ప్రార్థించి, చివరకు అతడిని సమాధి చేసి వచ్చిన స్త్రీ కూడా అదే కూటంలో వెనుక వరుసలో కూర్చుని ఉంటుంది. 2021 వేసవిలో అటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. విశ్వాసముంటే అడిగినది దొరికి తీరుతుందని వేదిక మీద నుంచి చెప్పిన ప్రతిసారీ ఆమెకు వినిపించేది వేరొక మాట: నీకు విశ్వాసం చాలలేదు. మొదటి దుఃఖం చాలదన్నట్టు ఈ రెండవ దుఃఖాన్ని ఆమెకిచ్చింది దేవుడా, మనమా?

గెత్సేమనే తోటను జ్ఞాపకం చేసుకోండి. సిలువ వేయబడటానికి ముందు రాత్రి ప్రభువైన యేసు ఆ ఒలీవ తోటలో సాగిలపడి, సాధ్యమైతే ఆ బాధాపాత్ర తన నుండి తొలగిపోవాలని వేడుకొన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పాత్ర తొలగలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని ప్రభువును వేడుకొన్నదీ మూడుసార్లే. ముల్లు పోలేదు, దానిని భరించడానికి చాలినంత కృప ఇస్తానన్న జవాబు మాత్రం వచ్చింది. వీరికి విశ్వాసం చాలలేదని ఏ బోధకుడు చెప్పగలడు?

కీర్తనల గ్రంథం తెరిచి చూసినా ఇదే. అందులోని 150 కీర్తనలలో దాదాపు మూడవ వంతు విలాప కీర్తనలే. పదమూడవ కీర్తనలో, ఇంకెంతకాలమన్న ప్రశ్న ఆరంభంలోనే నాలుగుసార్లు వస్తుంది. ఎనభై ఎనిమిదవ కీర్తన అయితే మొదలు నుంచి తుది వరకు చీకటే, చివరి పదం దాకా వెలుగు జాడ ఉండదు. అయినా దానిని ఎవరూ గ్రంథం నుంచి తీసివేయలేదు. ఫిర్యాదు చేయడం కూడా ప్రార్థనేనని ఆ పాతకాలపు భక్తులకు తెలుసు. మనమే మరచిపోయి, దేవుని ఎదుట కూడా మర్యాద కోసం నవ్వుముఖం పెట్టుకుని నిలబడుతున్నాం.

ఇక మన నేల మీదనే జరిగిన ఒక ప్రార్థన సంగతి చెబుతాను. ఒంగోలులో ఒక కొండ ఉంది. క్రైస్తవులు దానిని ప్రార్థనా కొండ అంటారు. 1854 జనవరి 1, ఆదివారం. ఆ తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండ ఎక్కారు. నెల్లూరులో సువార్తపని చేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వారితో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు విశ్వాసులు. చుట్టూ ఉన్న గ్రామాల వైపు చూస్తూ, ఒంగోలుకు ఒక దైవసేవకుణ్ణి పంపమని వారు ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు.

వారి పరిస్థితి ఎటువంటిదో తెలిస్తేనే ఆ ప్రార్థన విలువ తెలుస్తుంది. తెలుగువారి మధ్య ఈ మిషన్ పనిని శామ్యూల్ డే 1836లో ఆరంభించాడు. దాదాపు పద్దెనిమిదేళ్లు గడిచినా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టదగినంతే. ఈ పనిని మూసివేద్దామా అన్న చర్చ 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో వచ్చింది. వారి పటంలో ఈ ప్రాంతానికంతటికీ నెల్లూరు ఒక్కటే చుక్క. అందుకే దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరు వచ్చింది. ఉన్న ఆ ఒక్క కేంద్రమే నిలుస్తుందో లేదో తెలియని రోజుల్లో, మరొక ఊరికి మరొకరిని పంపమని అడగడానికి ఈ ఐదుగురు కొండ ఎక్కారు.

కొండ దిగాక ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ సంవత్సరం గడిచింది, మరుసటి సంవత్సరమూ గడిచింది. 1862లో జూయెట్ అనారోగ్యంతో స్వదేశానికి వెళ్లినప్పుడు మిషన్‌ను మూసివేయాలన్న మాట మళ్లీ లేచింది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళతాను, అవసరమైతే ఆ తెలుగువారి మధ్యనే మరణిస్తానన్నది ఆయన జవాబు సారాంశం. ఆ పట్టుదలకు సంఘం తలవంచి జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుణ్ణి ఆయనతో పంపింది. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే ఆ తెల్లవారుజామున అడిగినది దొరకడానికి పన్నెండేళ్లు పైబడింది. పన్నెండేళ్లు అని పలకడం సులువే. అవి ఒక్కొక్క జనవరిగా, జవాబు లేకుండా గడిచిన సంవత్సరాలు.

వచ్చిన జవాబు కూడా ఎదురుచూసిన ద్వారం నుంచి రాలేదు. క్లౌ మొదట ఒంగోలులోని పై కులాలవారికి చేరువ కావాలని ఆశించాడు. ఆయన వద్దకు వచ్చినవారు మాదిగలు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన వెంట మరికొందరు. వీరిని చేర్చుకుంటే మేము రామని ఊరి పెద్దలు స్పష్టంగా చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కంటపడిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకుంటాడని పౌలు వాదించే భాగమది. తలుపు తెరుచుకుంది. ఎవరు ఏ గుమ్మం దగ్గర నిలబడాలో శతాబ్దాలుగా లోకం శాసించిన నేల మీద ఈ తలుపు తెరుచుకోవడం చిన్న సంగతి కాదు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే చెప్పుకోవడానికి బాగుండేది. 1876లో వానలు కురవలేదు. 1878 వరకు సాగిన ఆ కరువు మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలను బలిగొంది. నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతమూ అందులో మాడిపోయింది. ఆకలితో వచ్చిన జనానికి ఏం చెప్పాలి? ప్రార్థించండి, అన్నీ సర్దుకుంటాయని చెప్పి పంపవచ్చు. క్లౌ ఆ పని చేయలేదు. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి మట్టిపని, కూలి డబ్బులు ఇప్పించాడు. ఆయన బోధకులే మేస్త్రీలయ్యారు. గంపలు దించి నీడన కూర్చున్న కూలీలకు, ప్రయాసపడి భారం మోసేవారిని తన వద్దకు పిలిచి విశ్రాంతినిస్తానన్న ప్రభువు మాటను చెప్పేవారు. నిజంగా భారం మోస్తున్నవారికి ఆ మాట వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమై ఉంటుంది.

తరువాతి సంగతిని చాలామంది బోధకులు ఉత్సాహంగా చెబుతారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను సభల్లో చాటుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం దానికి ముందరి పదిహేను నెలలే ముఖ్యంగా కనిపిస్తాయి. కరువు తీవ్రంగా ఉన్న ఆ కాలంలో క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదు, అన్నం చూపి రప్పించారన్న మాట తమ మీదా పడకూడదన్నది ఆయన సంకోచం. ఆకలిగొన్నవాడి హృదయంలో ఆకలి ఎంత, ఆరాధన ఎంత అని తూచే త్రాసు మనుషుల దగ్గర లేదు. క్లౌ చేతిలో ఉన్నది ఆ రెండింటి మధ్య బేరం కుదరకుండా చూడటం మాత్రమే. అంత మేరకు ఆయన చేశాడు. ఈనాటి కూటాల ప్రకటనలు చూసినప్పుడల్లా ఆ పదిహేను నెలలు నాకు గుర్తుకు వస్తాయి.

మరి ప్రార్థన వలన లభించే శాంతి ఏది? పౌలు ఫిలిప్పీ సంఘానికి పత్రిక రాసినప్పుడు బంధకాలలో ఉన్నాడు. తన మీద ఎటువంటి తీర్పు వస్తుందో, బ్రతుకుతాడో లేదో ఆయనకే తెలియదు. అటువంటి మనిషి, దేనికీ చింతించక విన్నపాలన్నీ కృతజ్ఞతతో దేవునికి తెలియజేయమని రాశాడు. అలా చేస్తే అడిగినవన్నీ దొరుకుతాయని మాత్రం ఆ చోట రాయలేదు, గమనించండి. మన బుద్ధికి అందని దేవుని శాంతి మన హృదయాలకు, తలంపులకు కావలి కాస్తుందన్నాడు. ఆ కావలి అన్న మాటకు మూలంలో ఉన్న పదం సైనికులు వాడేది, పట్టణానికి కాపలా దండును నిలపడం అని దాని అర్థం. ఫిలిప్పీ పట్టణమో, విశ్రాంత రోమా సైనికులు స్థిరపడిన ఊరు. వారికి ఆ పోలిక ఇట్టే తెలిసి ఉంటుంది. కాపలా దండు ఉన్నంత మాత్రాన శత్రువు వెళ్లిపోడు, ముట్టడి తొలగదు. లోపలివారు మాత్రం నిద్రపోగలుగుతారు.

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చి దేవాలయాల తలుపులు మూతపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను ఇళ్లలోనే జరుపుకున్నాం. మైకులు లేవు, వేదికలు లేవు. కుటుంబాలు చాప పరచుకుని కూర్చుని, తమకు వచ్చిన మాటల్లో తామే ప్రార్థించుకోవలసి వచ్చింది. కొందరు మగవారు తమ పిల్లల ఎదుట నోరు తెరిచి ప్రార్థించడం అదే మొదటిసారి. తడబడ్డారు. భయమేస్తోందని దేవునితో చెప్పారు. తండ్రికి కూడా భయముంటుందని ఆ పిల్లలకు అప్పుడే తెలిసింది. నన్నడిగితే, తలుపులు తెరుచుకున్నాక మనం పోగొట్టుకున్న ప్రార్థన అదే.

ఈ రాత్రి నిద్ర పట్టకపోతే, పెద్ద మాటల కోసం వెదకకండి. భయాన్ని పేరు పెట్టి చెప్పండి: రిపోర్టు, అప్పు, కుమారుడు. కోపం ఉంటే దానినీ చెప్పండి. మాటలు రాకపోతే ఎనభై ఎనిమిదవ కీర్తన తెరిచి, మీ బదులు ఆ భక్తుణ్ణి మాట్లాడనివ్వండి. పొద్దున లేచి చేయవలసిన పని ఏదైనా ఉంటే దానినీ ప్రార్థనలో చేర్చండి. ఆస్పత్రికి వెళ్లడమో, బ్యాంకు మేనేజరును కలవడమో, అలిగిన తమ్ముడికి ఫోన్ చేయడమో. వెనుక వరుసలో కూర్చునే ఆ స్త్రీ మీ సంఘంలో ఉంటే, ఆమె విశ్వాసాన్ని కొలవకుండా ఆమె పక్కన కాసేపు కూర్చోండి.

ఒంగోలు కొండ మీద ఆ ఆదివారం తెల్లవారింది. చుట్టూ ఉన్న పల్లెలు నిన్న ఉన్నట్టే ఉన్నాయి. మిషన్ భవిష్యత్తు ఏమవుతుందో నిన్న తెలియనట్టే ఆ రోజూ తెలియదు. ఆ ఐదుగురు లేచి, దుమ్ము దులుపుకుని, కొండ దిగారు. నెల్లూరు అక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. ఆగిపోయిన పనులు అక్కడ వారి కోసం ఎదురుచూస్తున్నాయి.