ట్యాబ్ చేతికొచ్చింది, కోతల కాలంలో బడి సంగతేమిటి?

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. రాష్ట్రమంతటా నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలకు, దాదాపు 59 వేల మంది ఉపాధ్యాయులకు అవి చేరాయి. బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి ఇంటర్నెట్ లేని ఊళ్ళో కూడా చూసుకోవచ్చు. ఆ పిల్లలే 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. ఈ మధ్యలో, 2024 జూలైలో, బైజూస్ మాతృసంస్థపై బెంగళూరులో దివాలా ప్రక్రియ మొదలైంది.

అప్పటి నుంచి వాదన రాజకీయంగానే నడుస్తోంది. పిల్లల జాతకాలు మారాయని ఒకరు, డబ్బు దండగని ఒకరు. ఇద్దరూ వస్తువు గురించే మాట్లాడుతున్నారు. పిల్ల కూర్చునే చోటు గురించి అడిగినవారు తక్కువ.

ఈ తికమక మన రాష్ట్రానిది మాత్రమే కాదు. అమెరికాలో నికొలస్ నెగ్రోపాంటే 1998లోనే డిజిటల్ విప్లవం ముగిసిందని రాశాడు. గాలిలా, తాగునీటిలా అది మన చుట్టూ కలిసిపోతుందని, లేనప్పుడే గుర్తొస్తుందని ఆయన భావం. విచిత్రమేమంటే, 2005లో ఆయనే ప్రతి పేద పిల్లకూ వంద డాలర్ల ల్యాప్‌టాప్ అనే పథకం ప్రకటించాడు. పెరూ దేశం లక్షల సంఖ్యలో కొన్నది. 2012లో వెలువడిన పరిశీలనలో లెక్కలు, భాష మార్కులు పెరిగిన దాఖలా కనబడలేదు. తర్వాత క్రొయేషియాకు చెందిన పెటార్ యాండ్రిచ్, ఆయన తోటివారు 2018 నుంచి ‘పోస్ట్ డిజిటల్’ అనే మాటను విద్యారంగంలోకి గట్టిగా తెచ్చారు. యంత్రాల కాలం అయిపోయిందని దాని అర్థం కాదు. యంత్రాన్ని ఇంటి నుంచి, కూలి నుంచి, పంతులు నుంచి విడదీసి చూడలేమని అర్థం. మరుసటి ఏడాదే ఆ పేరుతో ఒక పత్రిక వచ్చింది. ఆ వెంటనే కోవిడ్ వచ్చింది. ఫోను ఉన్న పిల్ల చదివింది, లేని పిల్ల పొలానికి వెళ్ళింది. ఆ మాటకు అర్థం అప్పుడు మనకు పుస్తకం లేకుండానే తెలిసింది.

మన మైదానంలో దాన్ని చూడాలంటే జనవరి తర్వాత చూడాలి. పత్తి తీతలు ముగింపుకొస్తాయి, మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం మెట్ట నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. సరిగ్గా పరీక్షల నెలల్లోనే. అమ్మానాన్నలు కాయ కోస్తుంటే పెద్దపిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని చెట్టు కింద ఉంటుంది. ఆమె బడి వెనక ఊళ్ళో ఉంది. సంచిలో ట్యాబ్ ఉన్నా గుడారంలో ప్లగ్గు లేదు. పాఠం చూసినా, “నాకిది అర్థం కాలేదు” అని చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేడు. ఆ పాఠం చెడ్డదని నేననడం లేదు. చాలా చోట్ల బాగానే ఉంది. అది పనిచేయడానికి కావలసినవన్నీ దానికి బయట ఉన్నాయి.

సంఘాలకు ఈ విషయంలో పాత అనుభవం ఉంది. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ గారి నాటి నుంచి ఇక్కడి మిషన్ పనిలో బడి ఒక భాగం. పలక, లాంతరు ఉన్న పాకలో పంతులు గారు మన తాతలకు అక్షరాలు దిద్దించారు. పలక కూడా ఆ రోజుల్లో కొత్త వస్తువే. అయితే పంతులు ఆ పల్లెలోనే కాపురముండేవాడు, పిల్ల రాకపోతే ఇంటికి వెళ్ళి అడిగేవాడు.

ఇప్పుడు మనలో కొందరు సెల్‌ఫోను సాతాను వల అంటున్నారు (ఆ ప్రసంగం కూడా యూట్యూబ్‌లోనే వస్తోంది). మరికొందరు సండే స్కూలు గదికి పెద్ద టీవీ కొంటే పిల్లలు బాగుపడతారని కానుకలు పోగుచేస్తున్నారు. రెండూ వస్తువునే నమ్మడం. నా మట్టుకు నేను తెర కొనే డబ్బుతో ముందు ఇంటర్ చదివిన మన యౌవనస్థురాలికి నాలుగు నెలల గౌరవ వేతనం ఇవ్వమంటాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మందిరం తలుపు తీసి, లైటు, నాలుగు ప్లగ్గులు, ఒక చాప ఉంచమంటాను. వలస వచ్చినవారి పిల్లలు మన సంఘస్థులా కాదా అని అడగనక్కర్లేదు. అక్కడికి ట్యాబ్ తెచ్చుకునే పిల్ల తెచ్చుకుంటుంది. లేనిది పక్కదానితో కలిసి చూస్తుంది. పనివేళల గురించి మేస్త్రీతో ఒక్క మాట మాట్లాడటం సంఘ పెద్దలకు కష్టమేమీ కాదు. చాలా ఊళ్ళలో ఆ పొలం మన విశ్వాసులదే.

కోతలు జనవరిలో మొదలవుతాయి. చాలా సంఘాలు వచ్చే ఏడాది బడ్జెట్ క్రిస్మస్ హడావిడి మధ్య ఒక్క సాయంత్రంలో తేల్చేస్తాయి. ఈ పద్దు ఆ కాగితం మీదకి ఆ లోపే ఎక్కాలి.