లేత ముంజ ఎవరి వాటా?

వేసవి వచ్చిందంటే మా వీధి మలుపులో ముంజల బండి ఆగుతుంది. ఒక్కో కాయలో మామూలుగా మూడు ముంజలు. లేతదైతే గోటితో గీరగానే పల్చటి పొట్టు ఊడి వస్తుంది. నోట్లో పెట్టుకుని కాస్త నొక్కితే చాలు, లోపల దాగిన నీరు చల్లగా గొంతులోకి జారుతుంది. అది పంచదార తీపి కాదు, కొబ్బరినీళ్ల తీపికి దగ్గర చుట్టం. కొన్నాళ్లు గడిస్తే ఆ ముంజే ముదిరి, నీరింకి, కొబ్బరిముక్కలా గట్టిపడుతుంది. "అవి తింటే కడుపునొప్పి" అనేది మా అమ్మ. అంటూనే ఆ ముదురువన్నీ తనే తినేది!

లేతవి ఏరి నాన్నగారికి, అన్నయ్యకి, నాకు. "నాకు ముదురువే ఇష్టం" అనేది. నేను నమ్మేశాను కూడా. పెళ్లయ్యాక, పళ్లెం పట్టుకుని ముంజలు పంచుతూ నా పిల్లలతో నేనూ ఆ మాటే అన్నప్పుడు గానీ అమ్మ ఇష్టం సంగతి అర్థం కాలేదు.

ముంజలొకటేనా? గుత్తివంకాయ కూరలో గింజపడ్డ కాయ, చల్లారి గట్టిపడిన ఇడ్లీ, పెనానికి అంటుకుని చిరిగిన దోసె... ఇవన్నీ ఎవరి వాటాకొస్తాయో మీకు చెప్పాలా? లేతదేదో ముదురుదేదో వేలితో నొక్కి చెప్పగల వాళ్లం మనం. ఆ తెలివి మన పళ్లెం దాకా రాదెందుకో!

ఇదీ ఒక విషయమేనా అనకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ముంజలు తింటే తగ్గేదీ కాదు. కానీ అందరూ తిన్నాక మిగిలిందే తినే అలవాటుకి అందులో వాటా లేదని మాత్రం అనగలమా?

మొన్న మా పదేళ్ల అమ్మాయి పళ్లెంలోంచి ఓ ముదురు ముంజ ఏరి తీసుకుని, "నాకూ ఇవే ఇష్టమమ్మా" అంది. నా గుండె గతుక్కుమంది. దాని చేతిలోది తీసి పక్కన పెట్టేశాను. రెండు లేతవి ఒలిచి, ఒకటి దానికిచ్చి, రెండోది అందరి ఎదుటా నేను తిన్నాను. నీళ్లు గడ్డం మీదుగా కారి చీర మీద పడ్డాయి. మావారు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లేత ముంజ తిని ఎన్నేళ్లయిందో గుర్తుకు రాలేదు.

ఈసారి ముంజలు తెచ్చినప్పుడు మొదటి లేతది మీ నోట్లోనే వేసుకోండి. అదీ మీ అమ్మాయి చూస్తుండగా!