మన చిన్న రైలింజనుకు నమూనా ఎవరు చేయవలెను?

పర్లాకిమిడి చిన్న రైలింజనుకు అచ్చమైన నమూనా ఒకటి ఏ విదేశీ కంపెనీవారైనను చేసి అమ్మినచో, వెల ఎంతయైనను కొందుమని మన ఒడిశా తెలుగువారిలో రైలు నమూనాల ముచ్చట గలవారు కలసినప్పుడెల్ల అనుకొనుచుందురు. కొందరి యిండ్లలో అద్దాల బీరువాలయందు ఇంగ్లండు యింజనులు, జర్మనీ యింజనులు బారులు తీరి యుండును. ఆ బారులో మన యింజనుకై చోటు ఖాళీగా నుంచితిమని గర్వముగా చూపుదురు. ఆ కోరిక నాకును గలదు. గలదు గనుకనే, కోరుకొనుచు కూర్చుండువారిని గూర్చి నాలుగు మాటలు కొంచెము కఠినముగానే వ్రాయ సాహసించుచున్నాను.

ఆ యింజను ఎట్టిదో నేటి యువకులకు తెలియకపోవచ్చును. పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి, నౌపడా నుండి తమ రాజధానికి రెండడుగుల ఆరంగుళముల వెడల్పున పట్టాలు వేయించిరి. 1900 ఏప్రిల్ 1వ తేదీన మార్గము తెరువబడెను. టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడి చేరిన ఆ మార్గము 1931 నాటికి గుణుపురము దాక సాగి, సుమారు 90 కిలోమీటర్లయ్యెను. 2004లో చిన్న రైలు నిలిచిపోయెను. 2011లో అదే దారిని పెద్ద బండి వచ్చెను. పెద్ద బండి రావలసినదే. దానిపై సణుగువారితో నాకు పొత్తు లేదు.

ఆ మార్గమున నడిచిన యింజనులలో పేరుపడ్డవి ‘పి.ఎల్.’ తరగతివి. ఇంగ్లండులోని స్టోక్ పట్టణమున కెర్ స్టూవర్టు కంపెనీవారు చేసినవి. నడుమ ఆరు చోదక చక్రములు. ముందు చిన్న చక్రములే లేవు. వెనుక నాలుగు చక్రముల చిన్న బోగీ. వేరుగా టెండరు ఉండదు, నీరును బొగ్గును యింజను తానే మోసికొనును. అందువలన తిరుగుడుబల్ల అక్కరలేకయే వెనుకకును నడువగలదు. ఇట్టి చక్రముల పొందిక మన దేశమున అరుదు. దానిని ఒక్కసారి ప్రక్కనుండి చూచినవాడు మరియొక యింజనుతో పొరబడడు. నమూనాకు ఇంతకంటె యోగ్యమైన వస్తువు మరియొకటి నాకు తోచుటలేదు.

ఇక విదేశీ కంపెనీ సంగతి. నమూనా రైళ్ల వ్యాపారమునందు అసలు ఖర్చు ప్లాస్టిక్కులో లేదు, మోటారులో లేదు. ఉక్కు అచ్చులలో నున్నది. ఒక్క యింజను పోత పోసినను, పదివేలు పోసినను అచ్చుల ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చు పంచుకొనుటకు వేలకొలది కొనుగోలుదారులు కావలెను. మన సంఘములో నమూనాలు కొనువారిని నేను వేళ్లపై లెక్కించితిని. రెండవ చేతి వ్రేళ్లు మిగిలినవి. వ్యాపారి ధర్మకర్త కాడు. మన కోరిక అతని లెక్కల పుస్తకమున ఏ పద్దులోను చేరదు. ఇది తెలిసియు ఏటేట అదే మాట చెప్పుకొనుట సోమరితనమునకు పెట్టిన ముద్దుపేరు.

మరికొందరు పండితులు పట్టాల మాట యెత్తుదురు. “మన దేశపు వెడల్పులకు తగిన నమూనా పట్టాలు ఎక్కడ దొరకును?” అందురు. ఈ ఆక్షేపణ పెద్ద బండ్ల విషయమున నిజమే. లోకమున ఎక్కువగా అమ్ముడగు నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికా దేశముల 1435 మిల్లీమీటర్ల మార్గమును 87వ వంతు చేయగా వచ్చునది అదియే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించినచో 19 మిల్లీమీటర్లకు పైన తేలును. కావున డబ్ల్యు.పి. యింజనుకు నమూనా చేయువాడు, చక్రములను దగ్గరకు నొక్కి అబద్ధమాడవలెను, లేదా పట్టాలు తానే చేసికొనవలెను. సరే. మన చిన్న యింజనుకు ఈ చిక్కు ఎక్కడ? 762 మిల్లీమీటర్లను 87చే భాగించి చూడుడు: తొమ్మిదికి ఇంచుక తక్కువ వచ్చును. 9 మిల్లీమీటర్ల పట్టాలు లోకమంతట అంగళ్లలో దొరకును. కొంచెము పెద్ద నమూనా కావలెనన్నచో 45వ వంతు తీసికొనుడు. పదునారున్నరకును దీనికిని భేదము అర మిల్లీమీటరైనను లేదు. అనగా మీ బీరువాలోని ఇంగ్లండు యింజను నిలిచియున్న పట్టాపైననే మన యింజను నిలువగలదు. లెక్క వేయక వాదించువారికి ఈ గుమాస్తా చెప్పగల సమాధానమిది.

వెంట్రుకవాసి తేడా యున్నను ఒల్లమను పరిపూర్ణవాదులు కొందరు గలరు. వారు ఎంతో ముచ్చటపడి తెప్పించుకొను ఇంగ్లండు నమూనాలు 76వ వంతున చేయబడి, 87వ వంతు పట్టాలపై నడుచుచున్నవి. అసలు కొలతకు పెంచి చూచినచో ఆ మార్గము ఏడంగుళములు ఇరుకు! దొరల ఏడంగుళములను మన్నించిన కన్నులు మన అర మిల్లీమీటరును మన్నింపలేవా?

ఆ దొరలనుండి నేర్వదగినది లేదనను. ఇంగ్లండులో లీక్ అండ్ మానిఫోల్డ్ అను చిన్న రైలు ఉండెడిది. వెడల్పు మనదే, రెండడుగుల ఆరంగుళములు. పొడవు ఎనిమిది మైళ్ల పైచిలుకు. బ్రతికినది 1904 నుండి 1934 వరకు, ముప్పదియేండ్లు. దానికి నేటికిని నమూనాలు చేయువారున్నారు. లింటన్ అండ్ బార్న్‌స్టేపుల్ అను మరియొక చిన్న మార్గము 1935లో మూతపడెను. యింజనులలో మిగిలిన ఒక్కటియు 1936లో బ్రెజిల్ దేశమునకు పోయి తిరిగి రాలేదు. అయినను అభిమానులు ఊరకుండక 2010లో ఆ తరగతి యింజనును పూర్తి పరిమాణముననే క్రొత్తగా నిర్మించిరి. పెద్ద మార్గమునకు చెందిన పెప్పర్‌కార్న్ ఎ1 తరగతిలో నలుబదితొమ్మిది యింజనులును తుక్కుక్రింద పోగా, సామాన్యులు నెలనెల చిన్న చందాలు వేసికొని 1990లో పని పూని 2008లో ‘టార్నేడో’ అను యింజనును పట్టాలెక్కించిరి. వారు చేసినది నిజమైన యింజను. మనము అడుగుచున్నది గూటిలో పట్టు బొమ్మ. నూరేండ్లు దాటి బ్రతికిన మార్గము మనది. తరగతి యింజనులలో కొన్ని ప్రదర్శనకు నిలిచి, టేపు పట్టి కొలుచుటకు నేటికిని మిగిలియున్నవి.

“నిజమైన యింజనే నిలిచియుండగా నమూనా యేల? ఇది పిల్లల యాట గాదా?” అని సంఘ సమావేశమున ఒక పెద్ద అడిగిరి. నిలిచియున్న యింజను కదలదు. దానిపై రంగు మీద రంగు పూయుచున్నారు. ఏది అసలు రంగో పూసినవారికే తెలియదు. చోదక దండము ఎట్లు తిరిగెడిదో, మలుపులో వెనుక బోగీ ఎట్లు ఒరిగెడిదో పిల్లవానికి చూపవలెనన్న నడుచు నమూనాయే శరణ్యము. పిల్లల యాట యనుట నిందగా నేనెంచను.

ఇంతకంటె బాధాకరమైన మాట మరియొకటి గలదు. “అది ఒడిశా రాజుగారి రైలు, వారు చూచికొందురు” అని అవతలివారు. “నౌపడా, పాతపట్నము ఆంధ్రములో నున్నవి, వారు చూచికొందురు” అని ఇవతలివారు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు చీలెను. ఆ చీలికను రైలు లెక్కచేయలేదు. రెండు వైపులవారిని ఒకే బల్లపై కూర్చుండబెట్టుకొని మరి అరువది యెనిమిదేండ్లు నడిచెను. నమూనా పనిలో ఒరియా సోదరులను కలుపుకొనని సంఘమునకు నేను చందా ఈయను.

ఇక అసలు భయము చెప్పెదను. ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి, రికార్డు గది తాళపు చెవులు మొలకు కట్టుకొని తిరిగినవాడను. కార్యాలయములలో ప్రతి కాగితమునకును ఆయుర్దాయము నిర్ణయించు పట్టిక యుండును: ఇది మూడేండ్లు, ఇది పదేండ్లు, ఇది శాశ్వతము. యింజనే తుక్కుక్రింద అమ్ముడైన పిదప దాని పటము ఏ తరగతిలో చేరునో ఊహించుకొనుడు. నేను కొలువు చేసిన చోటనే నీలి పటముల చుట్టలు వాననీటికి తడిసి, చెదలకు పంచి, మిగిలినవి తూకమునకు పోవుట కన్నులార చూచితిని. అడుగబోయిన నాకు ‘ఇది మీ సీటు పని కాదు’ అని జవాబు వచ్చెను. కెర్ స్టూవర్టు కంపెనీ 1930లో మూతపడగా వారి పటములను లీడ్సు నగరపు హన్స్‌లెట్ కంపెనీ తీసికొనెను. అచ్చట వెదకవచ్చును, వెదకవలెను. కాని కాగితము దొరకు లోపల, ఆ యింజనుపై బొగ్గు వేసిన ఫైర్‌మన్లు దొరకకపోవుదురు. ఆవిరి పోయి ముప్పదియేండ్లు దాటెను. అప్పటి కుర్రవారు నేడు ముసలివారు. కాబ్‌లో ఏ పిడి ఏ ప్రక్క నుండెడిదో, రంగు నలుపో మరియొకటో, నేడు అడిగినవారికే తెలియును.

చేయగలవారు దూరమున లేరు. ఏటికొప్పాక పనివారు అంకుడు కఱ్ఱను లేతుపై త్రిప్పి లక్క పూసి బొమ్మలు చేయుదురు; 2017లో వారి పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించెను. యింజనులో బాయిలరు గుండ్రము, పొగగొట్టము గుండ్రము, ఆవిరి గుమ్మటము గుండ్రము. త్రిప్పుడు పనిలో వారిని మించిన వారెవరు? పర్లాకిమిడిలోనే కొమ్ము బొమ్మలు చెక్కు నిపుణులు గలరు; చిన్న చిన్న పిడులు, దీపములు వారికి వదలవచ్చును. ముందు 12వ వంతున కఱ్ఱతో ఒకటి చేయింతము. దాని పట్టాల వెడల్పు రెండున్నర అంగుళములు, అడుగుబద్దతో కొలువదగిన లెక్క. అది సరిపోయిన పిదప ఇత్తడి రేకుతో నడుచునట్టిది చేయవచ్చును. ఇప్పుడు కంప్యూటరుతో ముద్రించి విడిభాగములు తీయు యంత్రములును వచ్చినవి. ఉక్కు అచ్చు లేకయే పది ప్రతులు తీయవచ్చును.

ఈ పనికి మొదట కావలసినది ధనము కాదు. వచ్చు సంక్రాంతి సెలవులలో నలుగురు యువకులు ఒక టేపు, ఒక నిచ్చెన, ఒక నోటుపుస్తకము తీసికొని, అనుమతి పొంది, నిలిచియున్న యింజనుకు నాలుగు ప్రక్కల కొలతలు వ్రాసికొని రావలెను. ఇండ్లలో ఆ రైలు ఫొటోలు గలవారు వెనుక సంవత్సరము వ్రాసి సంఘ గ్రంథాలయమున ఇచ్చినచో, జాబితా తయారుచేయు పని నేను పెట్టుకొందును.