డబ్బాపాలలో కొవ్వు ఎక్కడిది?

"మాది మార్కాపురం. నా కోడలు పలకల ఫ్యాక్టరీలో పనికి పోతుంది. కాన్పయి మూడు నెలలు నిండాయి. ఇల్లు గడవాలి గదా, మళ్లీ పనిలో చేరింది. పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. పగలంతా మనుమడికి నేనే డబ్బాపాలు పడుతున్నాను. ఈ మధ్య డబ్బా మార్చాము. అప్పటినుంచీ బిడ్డకు విరేచనం గట్టిపడి మేకపెంటికల్లా వస్తున్నది. ముక్కి ముక్కి ఏడుస్తున్నాడు. మా అబ్బాయి డబ్బా మీది అక్షరాలు చదివి, ఇందులో పామాయిల్ కలిపారమ్మా అన్నాడు. పాలడబ్బాలో పామాయిల్ ఏమిటండీ? ఇది కల్తీ కాదా? డబ్బా మానేసి గేదెపాలలో సగం నీళ్లు పోసి పట్టమని పొరుగావిడ అంటున్నది. చెంచాడు ఆముదం పడితే సరిపోతుందని మా వదినె అంటున్నది. ఏం చేయమంటారు?"
— ఒక నాయనమ్మ, మార్కాపురం

అమ్మా, ముందుగా మీ అబ్బాయిని మెచ్చుకోవాలి. డబ్బా కొనేవాళ్లలో దాని వెనకవైపు చదివేవాళ్లు బహు తక్కువ. అతడు చదివింది నిజమే. కాని అది కల్తీ కాదు. చంటిపిల్లల పాలపొడులలో చాలావాటిలో ఉండే కొవ్వు పశువుల పాలలోని వెన్న కాదు, పూర్తిగానో కొంతభాగమో నూనెలే. పామాయిల్, కొబ్బరినూనె, సోయానూనె, పొద్దుతిరుగుడు నూనె కలగలిపి, పాలలోని కొవ్వుకు బదులుగా చేరుస్తారు. చట్టం ఒప్పుకొన్న పనే. ఎందుకలా చేస్తారో తెలిస్తే, మీ మనుమడి బాధ ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది.

తల్లిపాలలో నూరు మిల్లీలీటర్లకు సుమారు నాలుగు గ్రాముల కొవ్వు ఉంటుంది. చూడడానికి తక్కువే, కాని బిడ్డకు అందే శక్తిలో ఇంచుమించు సగం ఆ కొవ్వునుంచే వస్తుంది. అయిదారు నెలల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావలసిన శరీరం అది. మెదడు కూడా ఆ వయసులోనే జోరుగా పెరుగుతుంది. పెద్దవాళ్లం మనం కొవ్వు తగ్గించుకోవాలి అనుకొంటాం. చంటిబిడ్డ విషయంలో ఆ లెక్క చెల్లదు.

ఇక పశువుల పాలలో కొవ్వు లేదా అంటే, ఉంది, కాని దాని పొందిక వేరు. మన శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని లినోలియిక్ ఆమ్లమనే కొవ్వు ఒకటుంది. తల్లిపాలలో అది బాగా ఉంటుంది, ఆవుపాలలో బహు స్వల్పం. 1950లలో అమెరికాలో హాన్సెన్ అనే పిల్లల వైద్యుడు వందలమంది పసివాళ్లను పరిశీలించి, ఈ కొవ్వు అందని బిడ్డలకు చర్మం ఎండి, దళసరెక్కి, పొలుసులు లేస్తుందనీ, అది చేరిస్తే మళ్లీ నున్నబడుతుందనీ చూపించాడు. పాలపొడుల్లోకి విత్తనాల నూనెలు రావడానికి ఇదొక కారణం. అవి వెన్నకన్నా చౌక కావడం ఇంకొక కారణం. కంపెనీలవారు మొదటి కారణం చెప్పినంత గట్టిగా రెండోది చెప్పరు.

ఇక పామాయిల్ సంగతి. తల్లిపాలలో పామిటిక్ ఆమ్లమనే గట్టి కొవ్వు నాలుగోవంతు దాకా ఉంటుంది. ఆ పాలు పడాలంటే పొడిలోనూ అది ఉండాలి గదా అని, అది దండిగా ఉన్న పామాయిల్‌ను ఎంచుకొన్నారు. లెక్క కుదిరింది, అమరిక కుదరలేదు. కొవ్వు కణాన్ని మూడు మేకులున్న చిలక్కొయ్య అనుకోండి. తల్లిపాలలో పామిటిక్ ఆమ్లం ఎక్కువభాగం నడిమి మేకుకు తగిలించి ఉంటుంది. పామాయిల్‌లో రెండు చివరల మేకులకు ఉంటుంది. మన జీర్ణరసాలు కత్తిరించేది ఆ చివరలనే. నడిమి మేకుకున్నది మేకుతోబాటే పేగుల్లో ఇంకిపోతుంది. చివరలనుంచి ఊడిపడ్డది పేగులో ఒంటరిగా తిరుగుతూ, పాలలోని కాల్షియంతో కలిసి సబ్బుగా మారుతుంది.

సబ్బంటే అచ్చంగా సబ్బే. మీ ఊళ్లో బోరునీళ్లతో బట్టలుతికితే నురగ రాక బక్కెట్టు చుట్టూ తెల్లగా తెట్టు కడుతుంది చూడండి, అదీ ఇదే జాతి కాల్షియం సబ్బు. ఈ సబ్బు బిడ్డ పేగులో ఏర్పడి విరేచనాన్ని గట్టిచేస్తుంది. బిడ్డకు దక్కవలసిన కొవ్వు కొంత, కాల్షియం కొంత దాంతోబాటు బయటికి పోతాయి. ఇలాంటి పాలు తాగిన పిల్లల ఎముకల్లో ఖనిజాల సాంద్రత కొంత తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. అలాగని హడలిపోకండి. ఆ పాలు తాగి బరువు చక్కగా పెరిగిన పిల్లలు కోకొల్లలు.

తల్లిపాలలో ఇంకొక ఏర్పాటుంది. పసివాడి కడుపులో కొవ్వును అరిగించే రసాలు ఇంకా పూర్తిగా ఊరవు. అందుకని ఆ రసాన్ని కూడా తల్లి పాలలోనే కలిపి పంపుతుంది. డబ్బాలో అది లేదు. కొలెస్టరాల్ కూడా అంతే. తల్లిపాలలో అది తగినంత ఉంటుంది, నూనెలతో చేసిన పొడిలో దాదాపు ఉండదు. అందుచేత డబ్బాపాల బిడ్డ శరీరం తనకు కావలసిన కొలెస్టరాల్‌ను తానే ఎక్కువగా తయారు చేసుకోవలసి వస్తుంది. తల్లిపాలు తాగినవారికి పెద్దయ్యాక రక్తంలో కొలెస్టరాల్ కాస్త తక్కువగా ఉంటుందని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. తేడా స్వల్పమే.

ఇప్పుడు మీ పొరుగావిడ సలహా. గేదెపాలతో శిశువుల ఆహారం చేయడం కుదరదని విదేశీయులు అనుకొనే రోజుల్లో, 1950లలో మైసూరులోని ఆహార పరిశోధనాలయంలో మనవాళ్లే ఆ పని సాధించి చూపించారు. అమూల్ దాన్ని బజారుకు తెచ్చింది. కాని వాళ్లు చేసింది వట్టి నీళ్లు కలపడం కాదు. గేదెపాలలో కొవ్వు ఏడు శాతం వరకూ ఉంటుంది, మాంసకృత్తులూ ఉప్పులూ తల్లిపాలకన్నా మూడు రెట్లకు పైనే. సగం నీళ్లు పోస్తే కొవ్వు తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది, మాంసకృత్తులు మాత్రం ఇంకా ఎక్కువే మిగులుతాయి, ఇనుము ఎలాగూ లేదు. మూడు నెలల బిడ్డకు వద్దు.

మీ వదినెగారి ఆముదం అసలే వద్దు. ఏడ్చే బిడ్డ నోట్లో ఆముదం పోస్తే, ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణంమీదికి వస్తుంది.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. నాకు పామాయిల్‌కన్నా అదే ఎక్కువ భయం: ఆ పొడి ఏ నీళ్లలో కలుపుతున్నారు?

మన దేశంలో ఫ్లోరైడ్ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవీ, కర్నూలు జిల్లానుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి ఒకచోట చేరాయి. మీ వైపు గారపళ్లు, వంగిన నడుములు నేను చెప్పి మీరు తెలుసుకోవలసినవి కావు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర. మూడు మిల్లీగ్రాములున్న బోరునీళ్లు అనుకోండి. అరవై కిలోల మనిషి రోజుకు మూడు లీటర్లు తాగితే, కిలో బరువుకు 0.15 మిల్లీగ్రాములు పడుతుంది. అయిదు కిలోల బిడ్డ అదే నీటితో కలిపిన పాలు ముప్పావు లీటరు తాగితే, కిలోకు 0.45. అంటే మూడింతలు. తల్లి అవే నీళ్లు తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ దిగేది లేశమాత్రం. మరిగిస్తే పోతుంది గదా అంటారు. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పైగా కాల్షియం చాలని శరీరంలో ఫ్లోరైడ్ మరింత చెరుపు చేస్తుంది. సబ్బు రూపంలో కాల్షియం పోగొట్టుకొనే బిడ్డకు ఈ నీళ్లు కూడా తోడు కావడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి ఆర్.ఓ. ప్లాంటు నీళ్లు గాని, పరీక్ష చేయించిన కుళాయినీళ్లు గాని తెచ్చి, మరగకాచి, ఇంకా బాగా వేడిగా ఉండగానే పొడి కలపండి. పొడిలోనూ సూక్ష్మక్రిములు ఉండగలవు, ఆ వేడికి చస్తాయి. తరువాత చల్లార్చి పట్టండి. డబ్బాలో ఇచ్చిన చెంచాతో తలకొట్టి కొలవండి. గోపురంలా నింపితే పాలు చిక్కబడి, ఆ ఒక్కదానికే విరేచనం బిగుస్తుంది. పొదుపుకోసం పలుచన చేస్తే బిడ్డ ఎండిపోతాడు. కొలత సరిగానే ఉండి బాధ తగ్గకపోతే, పామాయిల్ లేని పొడులు కూడా దొరుకుతాయి, డాక్టరును అడిగి మార్చండి. కడుపు ఉబ్బినా, పచ్చగా వాంతి అయినా, నెత్తురు కనిపించినా మాత్రం ఇంట్లో వైద్యం చేయకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి.

కోడలి పాలు ఇంకా ఎండిపోలేదు గదా. పనికి పోబోయే ముందు ఒకసారి, రాగానే ఒకసారి, రాత్రంతా బిడ్డ అడిగినన్నిసార్లు ఇవ్వనివ్వండి. తెల్లవారుజామున చేతులు శుభ్రంగా కడుక్కొని, మరిగించిన గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి పోతే, మీరు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. నాలుగు గంటలు నిలవుంటాయి. మీ ఊరి వైశాఖమాసపు ఎండల్లో అంతకన్నా ముందే వాడేయండి. ఫ్రిజ్ ఉంటే సాయంత్రం దాకా బెంగలేదు. సీసా, పాలపీక కడగడం కన్నా ఉగ్గుగిన్నె కడగడం సులువు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. రోజుకూలీ కోడళ్లకు అది ఎంతవరకు అందిందో మీకే ఎక్కువ తెలుసు.

ఆమెకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెట్టకండి. తల్లి తినే కొవ్వునుబట్టి ఆమె పాలలోని కొవ్వు రకం మారుతుంది. వేరుశెనగ నూనె మంచిదే, లినోలియిక్ ఆమ్లం దండిగా ఇస్తుంది. వనస్పతి వాడకండి. తినే అలవాటుంటే కంభం చెరువు చేపలు వారానికి రెండుసార్లు, లేదా గంగవాయిలాకు, అవిసెగింజల పొడి పెట్టండి.

గిద్దలూరునుంచి ఒక గుమాస్తాగారు: "డి.హెచ్.ఏ. కలిపిన ఖరీదైన డబ్బా వాడితే తెలివి పెరుగుతుందని దుకాణదారు చెప్పాడు. అప్పు చేసైనా కొనమంటారా?"

అప్పు చేయకండి. డి.హెచ్.ఏ. తల్లిపాలలో సహజంగా ఉండే కొవ్వే, మెదడుకూ కంటికీ కావలసిందే. ఐరోపా దేశాలు 2020నుంచి శిశువుల పొడులన్నింటిలో దాన్ని తప్పనిసరి చేశాయి కూడా. కాని పొడిలో కలిపినందువల్ల పిల్లల తెలివి పెరిగిందని పరీక్షలు నిలకడగా చూపలేదు. 1992 చట్టం ప్రకారం శిశువుల పాలపొడికి ప్రచారం చేయడం, ఉచిత నమూనాలు పంచడం నేరం. డబ్బామీద బిడ్డ బొమ్మ వేయకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని వ్రాయాలి. మీ ఇంట్లో తల్లి ఆరోగ్యంగా ఉండి పాలిస్తూంటే, మీరు డబ్బా ఎందుకు కొంటున్నారో నాకు వ్రాయలేదు. ఆ వివరం, బిడ్డ వయసు, బరువు వ్రాసి మళ్లీ ఉత్తరం వేయండి.