ముందు మెషిన్‌ని నిలదీయండి

హోటల్ తెరిచే ముందు గణపతి హోమం చేస్తారు, పాలు పొంగిస్తారు, గుమ్మడికాయ కొడతారు. మాస్టర్ చేత సాంబారు పెట్టించి, ఇంటి పెద్దవాళ్ళని పిలిచి ఉప్పు చూడమంటారు. గల్లా మీద కూర్చోబెట్టిన బిల్లింగ్ మెషిన్‌కి మాత్రం ఎవరూ ఉప్పు చూడరు. తిరువళ్ళూరు నుంచి పాండూరు మీదుగా తిరుత్తణి దాకా ఈ రోడ్డు మీద కొత్త హోటళ్ళు లేస్తూనే ఉన్నాయి. వాటిలో మెషిన్‌ని మొదటిసారి పరీక్షించేది ఆకలితో వచ్చిన జనం. పరీక్షలో మెషిన్ తప్పితే ఆ నష్టం కట్టేది సర్వర్. ఇది అన్యాయం. ఇంకో పేరు పెట్టి పిలవడానికి నాకు మనసొప్పదు.

ఎందుకిలా జరుగుతోందో ఈ పక్కవాళ్ళకి తెలియనిది కాదు. తమిళుల ఆడి మాసంలో శుభకార్యం పెట్టుకోరు. అదే ఆడిలో, కృత్తిక నాడు, తిరుత్తణి కొండకి కావళ్ళతో జనం పోటెత్తుతారు. ఆ బేరం పోకూడదంటే దాని ముందు నెల ఆనిలోనే తలుపు తెరవాలి. ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం మెషిన్ వస్తుంది. దాన్ని అమ్మిన కుర్రాడు ఒక ఇడ్లీ, ఒక కాఫీ కొట్టి చూపిస్తాడు. చీటీ బయటికొస్తుంది. "అంతే సార్, అయిపోయింది" అని బండెక్కేస్తాడు. ఒక టేబుల్, ఒక మనిషి, చేతిలో రొక్కం. ఆ లెక్కకి మెషిన్ ఎందుకు? వేళ్ళ మీద చెప్పొచ్చు. మెషిన్ తప్పేది మధ్యాహ్నం ఒంటిగంటకి, నలభై మంది నిలబడి ఉన్నప్పుడు.

ఈమధ్య తెరిచిన ఒక హోటల్లో నేను తింటుండగానే జరిగింది చెబుతాను. ఒక కుటుంబం వాకిలి పక్క టేబుల్లో కూర్చుని నాలుగు దోసెలు చెప్పారు. ఎండ మొహాన కొడుతోందని లేచి లోపల ఫ్యాన్ కిందికి మారారు. సర్వర్ అబ్బాయి మెషిన్‌లో టేబుల్ మార్చాడు. వంటింట్లో ప్రింటర్ అదే ఆర్డర్‌ని మళ్ళీ కక్కింది. మాస్టర్ చీటీ చూసి ఇంకో నాలుగు పోశాడు. బిల్లు నాలుగింటికే వచ్చింది, వంటింటి లెక్కలో ఎనిమిది పడ్డాయి. మర్నాడు కాఫీకి వెళితే తెలిసింది, మిగతా నాలుగింటి డబ్బూ ఆ అబ్బాయి ఖాతాలో రాశారని. ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడు. తమిళం రాదు, తెలుగు రాదు. తాను నొక్కింది సరైన బటనేనని చెప్పుకోవడానికి కూడా నోట మాట లేదు.

ఫోన్ చెల్లింపుల సంగతి ఇంకా ఘోరం. 2025 ఏప్రిల్ 12, శనివారం, దేశమంతటా యూపీఐ మొరాయించింది. అంత పెద్దది కాకపోయినా సిగ్నల్ లేక, బ్యాంకు సర్వర్ పడిపోయి, చిన్న చిన్న ఆటంకాలు రోజూ ఉంటాయి. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, గల్లా మీది సౌండ్ బాక్స్ పలకదు. కస్టమర్ ఫోన్ చూపించి బస్సెక్కుతాడు. ఇలాంటి సొమ్ము ఐదు రోజుల్లో తనంతట తానే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే ఉత్తర్వు ఇచ్చింది. కస్టమర్‌కి ఆ రక్ష ఉంది. సర్వర్‌కి ఏముంది? ఆ రాత్రే అతని కూలిలో కోత పడుతుంది. పెండింగ్‌లో ఉన్న చెల్లింపుని మెషిన్ ఏ పద్దులో చూపిస్తుందో తెరవక ముందే చూసుకుని ఉంటే ఈ పాపం జరిగేది కాదు.

పైసల లెక్క చూడండి. దోసె 45 రూపాయలు. 5 శాతం జీఎస్టీ అంటే 2.25, మొత్తం 47.25. కస్టమర్ ఇచ్చేది 47. ఆ పావలా మాఫీని రాత్రి రిపోర్టు తీసెయ్యకపోతే, 400 బిల్లులకి గల్లాలో 100 రూపాయలు తరుగు. ఎవరూ దొంగిలించలేదు. అయినా గల్లా మీద కూర్చున్న మనిషి దొంగ అవుతాడు. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారంతో కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న హోటల్ అసలు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యనేకూడదు, తన రాబడిలోంచే కట్టాలి. మెషిన్‌లో ఆ పన్ను వేసే సెట్టింగ్‌ని ఆపకుండా తలుపు తెరిస్తే ప్రతి బిల్లూ జనాన్ని దోచినట్టే.

1879లో అమెరికాలోని డేటన్ ఊళ్ళో జేమ్స్ రిట్టీ అనే సారాకొట్టు యజమాని క్యాష్ రిజిస్టర్ కనిపెట్టాడు, పనివాళ్ళు డబ్బు నొక్కేస్తున్నారన్న అనుమానంతో. ఆ అనుమానం ఇంకా మెషిన్ లోపలే ఉంది. మనిషిని అనుమానించడానికే పుట్టింది గనక దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచదు. బ్రిటన్‌లో ఏం జరిగిందో తెలుసుకోండి. అక్కడి తపాలా సంస్థ హొరైజన్ అనే కంప్యూటర్ పద్ధతి పెట్టింది. అది లేని తరుగులు చూపించింది. సంస్థ మెషిన్‌నే నమ్మింది. 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకి దొంగతనం, తప్పుడు లెక్కల కింద శిక్షలు పడ్డాయి. జైలుకి పోయినవాళ్ళున్నారు, సొంత డబ్బు పెట్టి తరుగు పూడ్చి దివాలా తీసినవాళ్ళున్నారు. తప్పు కంప్యూటర్‌లోనూ ఉందని 2019లో హైకోర్టు తేల్చింది. అంత పెద్ద దేశంలో, వకీళ్ళు పెట్టుకోగలిగిన మనుషులకే అన్నేళ్ళు పట్టింది. పాండూరు రోడ్డు మీద ప్లేట్లు తీసే పిల్లవాడి తరఫున ఎవరొస్తారు?

చట్టం లేక కాదు. గల్లా సొమ్ము తగ్గిందని జీతం కొయ్యాలంటే ఆ నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగుండాలని, కొయ్యబోయే ముందు అతని సంజాయిషీ వినాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఏనాడో చెప్పింది. పరీక్షించని మెషిన్ ఇచ్చిన కాగితం నిర్లక్ష్యానికి రుజువు ఎలా అవుతుంది? నిర్లక్ష్యం చేసింది పరీక్షించని యజమాని.

ఒక పూట ట్రయల్‌కి ఖర్చవుతుందంటారు. సీరియల్ బల్బులకి, అరటి చెట్లకి, మేళానికి పెట్టే డబ్బులో అదెంత? బంధువుల్ని, పక్క కొట్లవాళ్ళని పిలిచి అన్ని టేబుళ్ళూ నింపండి. ఉచితంగా పెట్టండి, బిల్లు మాత్రం కొట్టండి. టేబుళ్ళు మార్చమనండి, చెప్పింది వద్దనమనండి, సగం రొక్కం సగం ఫోన్‌లో ఇమ్మనండి. మధ్యలో మెయిన్ ఆఫ్ చెయ్యండి, ఇంటర్నెట్ తీగ పీకండి. మెషిన్ అమ్మినవాడు పక్కనే నిలబడాలి, సర్వర్లు నొక్కాలి, వంటింట్లో చీటీ మాస్టర్ చదవగలిగే భాషలో రావాలి. సాయంత్రం బిల్లుల మొత్తం, గల్లా రొక్కం, బ్యాంకులో పడిన సొమ్ము మూడూ రూపాయికి రూపాయి కుదరాలి. కుదరకపోతే ముహూర్తానికి పాలు పొంగించి, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టి పంపండి, వ్యాపారం మెషిన్ కుదిరాకే మొదలెట్టండి. కుదిరినా మొదటి నెల ఎవరి జీతంలోనూ తరుగు కొయ్యకండి.

ఇప్పటికే కోసినవాళ్ళు ఆ రోజుల రిపోర్టులు తీసి మళ్ళీ లెక్క చూడండి. కోసింది తిరిగి ఇచ్చెయ్యండి. ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళకి కూడా పంపండి. వాళ్ళ ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి.